జాయినింగ్ డేట్ రాలేదా? ఈ రాత్రికి పాస్తా వండండి!

సాయంత్రం ఏడు గంటలు. పొద్దుట్నుంచి పది కంపెనీలకు రెజ్యూమె పంపారు. మెయిల్ బాక్స్ నలభై సార్లు చూశారు. వచ్చినవి రెండే మెయిల్స్. ఒకటి క్రెడిట్ కార్డు ఇస్తామని, ఇంకోటి మీ ప్రొఫైల్‌ను ముగ్గురు రిక్రూటర్లు చూశారని. ఆ ముగ్గురూ ఎవరో, చూసి ఏమనుకున్నారో తెలీదు. వంటింట్లోంచి అమ్మ 'తింటవా బిడ్డా' అని అడుగుతుంది. ఆ మాట వెనకాల 'ఏమన్నా తెలిసిందా' అన్న ఇంకో ప్రశ్న ఉంటుంది. అది ఉందని మీకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

అలాంటి సాయంత్రాలు నేను ఎనిమిది నెలలు చూశాను. మాది నల్లగొండ జిల్లా హాలియా. బీటెక్ చివరి ఏడాది క్యాంపస్ సెలక్షన్‌లో ఓ కంపెనీ నాకు ఆఫర్ లెటర్ ఇచ్చింది. ఊళ్లో స్వీట్లు కూడా పంచాం. ఆ తర్వాత జాయినింగ్ డేట్ 'త్వరలో తెలియజేస్తాం' దగ్గరే ఆగిపోయింది. అడిగితే అదే జవాబు, అదే ఫాంట్‌లో. స్వీటు తిన్నవాళ్లంతా కనిపించినప్పుడల్లా 'ఎప్పుడు పోతున్నవ్ హైదరాబాద్?' అనేవాళ్లు. సెంటర్ మీదికి టీకి పోవడం కూడా మానేశాను.

ఈ పేజీలో ఇంటర్వ్యూ టిప్స్, కోడింగ్ కోర్సులు చదవడానికి వచ్చిన మీకు నేను చెప్పబోయేది వైట్ సాస్ పాస్తా గురించి. కోప్పడకండి. ఉద్యోగాల వేటలో ఒక పెద్ద చిక్కుంది. రోజంతా కష్టపడినా సాయంత్రానికి 'ఇదిగో, ఈ పని పూర్తయింది' అని చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. వంటకు ఆ చిక్కు లేదు. ఏడున్నరకు మొదలుపెడితే ఎనిమిదిన్నరకు అయిపోతుంది. బాగా వచ్చిందో లేదో ఆ రోజే, ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖం చూస్తే తెలుస్తుంది.

అమ్మ చెయ్యి, చెల్లె కోరిక

నేనేమీ ఉత్సాహం కొద్దీ వంటింట్లోకి పోలేదు. వాకిట్లో కాలు జారి పడి అమ్మ కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. నాన్న ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తారు, వచ్చేసరికి రాత్రి ఎనిమిది. చెల్లెకు ఇంటర్ సెకండియర్ పరీక్షలు. ఇక మిగిలింది నేనే. అన్నం, పప్పు, ఆలుగడ్డ కూర, పచ్చిపులుసు. పది రోజులకు చెయ్యి తిరిగింది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అమ్మ స్టూలు మీద కూర్చుని చెప్పేది, నేను చేసేవాణ్ని. మా ఇద్దరి మధ్య ఉద్యోగం కాకుండా ఇంకో మాట దొరికింది చాలా రోజులకు.

పరీక్షలు అయిపోయిన రోజు చెల్లె అడిగింది: "అన్నా, వైట్ సాస్ పాస్తా జెయ్యవా?" బయటికి తీసుకుపోయి తినిపించే డబ్బు నా దగ్గర లేదు. ఉన్నా నాన్న డబ్బే. సరేనన్నాను. ఫోన్లో ఓ వీడియో చూశాను. ఏడు నిమిషాల వీడియో. ఏడు నిమిషాల్లో అయిపోతుందనుకున్నా.

ఆ రాత్రి ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తా. పాస్తా ఉడికించి, కుక్కర్‌లో అన్నానికి పెట్టినట్టు మూత పెట్టి వదిలేశా. మెత్తబడి ముద్దయింది. పాలు మరుగుతుంటే రెండు స్పూన్ల మైదా నేరుగా అందులో వేశా. గోలీల్లాంటి ఉండలు కట్టాయి. గరిటెతో నలిపితే పైన జిగురు, లోపల పొడి పిండి. రుచి లేదని రెండు టమాటాలు కోసి వేశా. పాలు విరిగిపోయాయి. నాన్న కంచంలోకి చూసి, "గిదేందిరా, ఎలక్షన్ పోస్టర్లంటించే మైదా లెక్కున్నది" అన్నారు. చెల్లె మాత్రం రెండు ముద్దలు తిని, బాగానే ఉందన్నది. అబద్ధమని అందరికీ తెలుసు. ఆ రాత్రి అందరం మధ్యాహ్నం అన్నంలో పచ్చిపులుసు పోసుకుని తిన్నాం.

గిన్నె తోముతుంటే అమ్మ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "రాగి జావ ఎట్ల కాస్తరురా? పిండి ముందుగాల చల్లటి నీళ్లల్ల కలిపి, తర్వాత ఉడుకు నీళ్లల్ల పోస్తరు గద. ఉడుకుడుకు దాంట్ల పొడి పిండి పోస్తే ఉండలు గట్టదా?"

అంతే విషయం. వేడి నీళ్లు తగలగానే పిండి ముద్ద పైపొరలోని స్టార్చ్ ఉబ్బి జిగురుగా మారి, లోపలి పొడి పిండికి తడి తగలకుండా అడ్డుగోడ కట్టేస్తుంది. గోధుమ స్టార్చ్ సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉబ్బడం మొదలుపెడుతుంది. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివిన నాకు తట్టనిది, ఎన్నో ఏళ్లుగా జావ కాస్తున్న అమ్మకు అలవాటుగా తెలుసు.

పాస్తా మనకు చుట్టమే

రెండోసారి చేసేముందు కాస్త చదివాను. మీరూ ముందు ప్యాకెట్ వెనకవైపు చదవండి. మన దేశంలో ఆహార ప్యాకెట్ల మీద పదార్థాల జాబితాను బరువును బట్టి రాయాలి, ఎక్కువ ఉన్నది ముందు వస్తుంది. మొదటి పేరు 'దురమ్ గోధుమ రవ్వ' అని ఉంటే మంచిది. అది గట్టి రకం గోధుమ. ఉడికినా చిట్లదు, ముద్ద కాదు. మన దగ్గర మధ్యప్రదేశ్‌లోని మాళ్వా ప్రాంతంలో బాగా పండుతుంది. మొదటి పేరు మైదా అని ఉంటే అది త్వరగా మెత్తబడుతుంది, కాబట్టి పొయ్యి మీద ఉన్నంతసేపూ కన్నేసి ఉంచాలి. నా మొదటి ప్యాకెట్ అదే.

ఇటలీలో అయితే ఎండు పాస్తాను దురమ్ గోధుమతోనే చేయాలని చట్టమే ఉంది. ఆ చట్టం 1967 జూలై 4న వచ్చింది. సరిగ్గా నెల తర్వాత, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కానీ వాళ్లు గోధుమకు కాపలా పెట్టిన ఎండాకాలం తర్వాతి వానల్లోనే మా ఎడమ కాలువ కింద వరి మొదలైందని తెలిసినప్పుడు నాకు భలే అనిపించింది. అందుకే మా ఇంట్లో మూడు పూటలా అన్నమే.

అయినా పాస్తా మనకు పూర్తిగా పరాయిది కాదు. సేమియా ఏంటి మరి? గోధుమ రవ్వో పిండో నీళ్లతో గట్టిగా కలిపి, అచ్చుల్లోంచి ఒత్తి, ఆరబెట్టిందే కదా. పాస్తా కూడా అంతే, అచ్చు వేరు. మన ఇళ్లలో తరాలుగా కనిపించే సేమియా ప్యాకెట్ 'బాంబినో' హైదరాబాద్ కంపెనీ. ఇటాలియన్‌లో ఆ మాటకు చిన్నపిల్లాడని అర్థం. వాళ్ల ఫ్యాక్టరీ ఉన్న బీబీనగర్ ఒకప్పుడు మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోదే. సేమియాతో పాటు మాకరోనీ కూడా వాళ్లు చేస్తారు. నాన్నకు ఈ ముక్క చెప్పాక పాస్తా మీద కోపం కొంచెం తగ్గింది.

ఇక్కడో చిన్న పక్కమాట. ఇంటర్‌లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉంటే చెప్పండి, ఇలాంటి పిండి, రవ్వ, పాల సంగతులే చదువుగా ఉన్న కోర్సు ఫుడ్ టెక్నాలజీ. మన రాష్ట్రంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నిజామాబాద్ జిల్లా రుద్రూరులో కాలేజీ ఉంది. దేశంలో పేరున్నవి కుండ్లి, తంజావూరుల్లోని నిఫ్టెమ్‌లు. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ 1950 నుంచి ఇదే రంగంలో పరిశోధన చేస్తోంది. నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే చెప్తున్నా.

సామాను లెక్క

నలుగురికి రాత్రి భోజనానికి సరిపోయే లెక్క ఇది. పాస్తా 300 గ్రాములు. ఇదొక్కటే తినేవాళ్లయితే మనిషికి 100 గ్రాములు పడుతుంది, మా ఇంట్లో నాన్న చివర్లో పెరుగన్నం తినకుండా లేవరు కాబట్టి 300 చాలు. గొట్టాల్లా ఉండే పెన్నే అయితే సాస్ లోపలికి కూడా పోతుంది. దొరక్కపోతే మాకరోనీ తీసుకోండి. పాలు ముప్పావు లీటరు. వెన్న మూడు టేబుల్ స్పూన్లు, మైదా మూడు టేబుల్ స్పూన్లు. పావు లీటరు పాలకు ఒక స్పూను వెన్న, ఒక స్పూను మైదా అని గుర్తుపెట్టుకుంటే ఎంతమందికైనా లెక్క వేసుకోవచ్చు. చీజ్ క్యూబ్‌లు రెండు. వెల్లుల్లి రెబ్బలు ఆరేడు. మిరియాల పొడి, ఉప్పు, ఎండుమిర్చి పలుకులు.

కూరగాయలు అన్నీ కలిపి మూడు కప్పులు. క్యారెట్, బీన్స్, క్యాప్సికం, స్వీట్ కార్న్. మా హాలియాలో బండి మీద ఆ రోజు ఏది తాజాగా ఉంటే అది. వీడియోల్లో బ్రకోలీ, జుకినీ అంటారు. వాటి కోసం ఊళ్లు తిరగకండి. ఒకసారి లేత బీరకాయ వేశా, చాలా బాగా కుదిరింది. కాకపోతే బీర నీళ్లు వదులుతుంది, వేరుగా వేయించి నీళ్లు ఇగిరాకే కలపాలి. వంకాయ మాత్రం వద్దు, సాస్ బూడిద రంగులోకి తిరుగుతుంది.

పాల ప్యాకెట్ విషయంలో చాలామంది మోసపోతారు. డబుల్ టోన్డ్ పాలల్లో వెన్న 1.5 శాతం, టోన్డ్‌లో 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం ఉంటుంది. సాస్ 'క్రీమీ'గా రావాలంటే ఫుల్ క్రీమ్ తీసుకోండి. ఇంటి దగ్గర బర్రె పాలు దొరికితే ఇంకేం కావాలి, వాటిల్లో సహజంగానే వెన్న 6 శాతం పైన ఉంటుంది. అప్పుడు ఫ్రెష్ క్రీమ్ డబ్బా కొనే పని లేదు. అమ్మ మజ్జిగ చిలికి తీసిన వెన్న కూడా భేషుగ్గా పనిచేస్తుంది. అందులో ఉప్పుండదు, దుకాణం బటర్‌లో సాధారణంగా ఉంటుంది. ఉప్పు వేసేటప్పుడు ఆ తేడా చూసుకోండి.

ఒరెగానో లేదని దిగులొద్దు. చాలా ఇళ్ల ముందు కుండీల్లో వాము ఆకు ఉంటుంది, మందంగా, నూగుగా ఉండే ఆకు. ఒరెగానోకు ఆ వాసన ఇచ్చే కార్వక్రాల్ అనే పదార్థం ఇందులోనూ ఉంటుంది. రెండాకులు సన్నగా తరిగి వేస్తే చాలు. ఎక్కువైతే దగ్గు మందు తాగినట్టుంటుంది, అనుభవంతో చెప్తున్నా.

పనీర్ తురిమి చీజ్‌కు బదులు వేయొచ్చా అని చెల్లె అడిగింది. వేయొచ్చు గానీ కరగదు. పనీర్‌ను పులుపుతో విరగ్గొట్టి చేస్తారు కాబట్టి వేడికి అలాగే పలుకుగా ఉంటుంది. చీజ్ క్యూబ్‌లలో నీళ్లూ కొవ్వూ విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు కలుపుతారు, అందుకే అవి సాఫీగా కరిగిపోతాయి.

ఖర్చు? నాకైతే నలుగురికీ కలిపి రెండొందల లోపే అయింది. బయట ఇద్దరికి కూడా రాదు.

నీళ్ల దగ్గర నుంచే మొదలు

పెద్ద గిన్నెలో మూడు లీటర్ల నీళ్లు పెట్టండి. ఇక్కడ మన జిల్లావాళ్లకు ఒక మాట. వంటకు బోరు నీళ్లు వాడొద్దు. నల్లగొండ ఫ్లోరైడ్ గోస మీకు నేను చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టి పిలుస్తుంది, ఆ ఖ్యాతి మనకు అక్కర్లేకుండా వచ్చింది. నీళ్లు మరిగిస్తే క్రిములు పోతాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పాస్తా ఉడికేటప్పుడు దాదాపు తన బరువంత నీటిని తాగేస్తుంది. కాబట్టి తాగే నీళ్లే, నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీళ్లే వాడండి.

నీళ్లు బాగా మసిలాక నాలుగు టీ స్పూన్ల ఉప్పు వేయండి. ఎక్కువనిపిస్తుంది గానీ అందులో చాలావరకు పారబోసే నీళ్లలోనే పోతుంది. పాస్తా వేసి వెంటనే ఒకసారి కలపాలి. మొదటి రెండు నిమిషాల్లోనే అవి ఒకదానికొకటి అంటుకుంటాయి. మూత పెట్టకండి, నురగ పొంగి స్టవ్ ఆరిపోతుంది. నూనె పోయమని కొందరంటారు, దాని వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. పైగా నూనె పట్టిన పాస్తాకు సాస్ అంటదు.

ప్యాకెట్ మీద 11 నిమిషాలని ఉంటే 9వ నిమిషంలో ఒకటి తీసి కొరకండి. మధ్యలో సన్నటి తెల్ల చుక్క కనబడుతుంటే సరిగ్గా దించే సమయం. మిగతా ఉడుకు సాస్‌లో ఉడుకుతుంది. వార్చేముందు ఆ నీళ్లు ఒక కప్పు పక్కన పెట్టుకోండి. అందులో స్టార్చ్ ఉంటుంది, సాస్ మరీ చిక్కబడితే పలచన చేయడానికి మామూలు నీళ్లకంటే అదే మేలు. మన గంజి లాంటిదే. వార్చాక చన్నీళ్లతో కడగకండి.

కూరగాయలు వేరే కడాయిలో. స్పూను నూనె వేసి, ముందు క్యారెట్, బీన్స్, మూడు నిమిషాలయ్యాక క్యాప్సికం, కార్న్. పెద్ద మంట మీద, కొరికితే కరకరలాడేంత వరకే. అన్నీ ఒకే సైజులో తరిగితే ఒకేసారి ఉడుకుతాయి. నాకు అన్నింటికంటే ఎక్కువ టైమ్ పట్టింది ఈ తరగడమే, ఇరవై ఐదు నిమిషాలు. వీడియోలో అది కత్తిరించేశారు.

అసలు కథ: సాస్

మందపాటి గిన్నె, చిన్న మంట. వెన్న కరగనివ్వండి. దంచిన వెల్లుల్లి వేసి అర నిమిషం, ఎర్రబడకూడదు. ఇప్పుడు మైదా వేసి గరిటెతో కలుపుతూ రెండు నిమిషాలు వేయించండి. పచ్చి వాసన పోయి బిస్కెట్ వాసన వస్తుంది, రంగు మాత్రం మారకూడదు. ఇక్కడ జరిగేదేంటంటే, పిండి రేణువుల చుట్టూ వెన్న పొర కడుతుంది. దాంతో పాలు పోసినప్పుడు అవి ఒకదానికొకటి అతుక్కోకుండా విడివిడిగా ఉబ్బుతాయి. అమ్మ జావలో చల్లటి నీళ్లు చేసిన పని ఇక్కడ వెన్న చేస్తోందన్నమాట.

తర్వాత పాలు. ముందుగా అర కప్పు మాత్రమే పోసి, ముద్ద నున్నగా అయ్యేదాకా తిప్పండి. మళ్లీ అర కప్పు. మూడోసారి నుంచి ధారగా పోయొచ్చు. అందరూ ఇక్కడే తొందరపడతారు. సగం పాలు పోసేసరికి పలచగా, నీళ్లలా కనిపిస్తుంది, చెడిపోయిందనిపిస్తుంది, ఇంకో స్పూను మైదా వేద్దామనిపిస్తుంది. చెయ్యి కట్టేసుకోండి. సాస్ చిక్కబడేది మరుగుకు దగ్గరకొచ్చాకే. అడుగంటకుండా కలుపుతూ ఓ ఐదారు నిమిషాలు ఆగితే గరిటె వెనక పొరలా అంటుతుంది. వేలితో గీత గీస్తే గీత నిలవాలి. అంతే, మంట ఆపి చీజ్, మిరియాలు, వాము ఆకు, ఉప్పు వేయండి. ఉప్పు చివర్లోనే ఎందుకంటే చీజ్‌లో, బటర్‌లో ఉన్నది కలిశాక గానీ అసలు ఎంత కావాలో తెలీదు.

అయినా ఉండలు కట్టాయా? చాయ్ జాలితో వడగట్టండి. సిగ్గేం లేదు, పెద్ద హోటళ్లలో కూడా వడగడతారు. టమాటా, నిమ్మరసం మాత్రం దీని దగ్గరికి రానివ్వకండి. పులుపు తగిలితే వేడి పాలు విరుగుతాయి, నా మొదటి రాత్రి సాక్షి.

పాస్తా, కూరగాయలు సాస్‌లో వేసి ఒక్క నిమిషం చిన్న మంట మీద కలిపి దించేయాలి. గిన్నెలో ఉన్నప్పుడు 'కొంచెం పలచగా ఉందే' అనిపించేటప్పుడే దించండి. కంచంలోకి వచ్చేసరికి చిక్కబడుతుంది.

ఒక్కటే బర్నర్ ఉన్నవాళ్లు వరుస మార్చుకోవాలి: ముందు కూరగాయలు, తర్వాత సాస్, ఆఖర్న పాస్తా. చల్లారిన సాస్‌ను వేడి చేయొచ్చు గానీ ఉడికిన పాస్తా ఆగదు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఉండేవాళ్లకు ఇండక్షన్ స్టవ్ అనుమతి ఉంటేనే ఈ పని. 1200 వాట్ల మీద అరగంటకు కరెంటు అర యూనిట్‌కు కాస్త ఎక్కువ, అదేం పెద్ద ఖర్చు కాదు గానీ, ఒకే ప్లగ్ బోర్డుకు మూడు స్టవ్‌లు తగిలిస్తే వైర్లు కాలతాయి. ఎలక్ట్రిక్ కెటిల్‌లో పాలు కాచే ప్రయోగం మాత్రం వద్దు.

మేనేజర్ అడిగిన ప్రశ్న

రెండోసారి బాగా వచ్చింది. చెల్లె రెండుసార్లు వడ్డించుకుంది. అమ్మ ఎడమ చేత్తో స్పూను పట్టుకుని తిన్నది. చాలా రోజులకు మా ఇంట్లో ఆ పూట ఎవరూ ఉద్యోగం మాట ఎత్తలేదు.

ఆ తర్వాత రెండు నెలలకు హైదరాబాద్‌లో ఓ ఇంటర్వ్యూకు పోయాను. 'మీరు ఫెయిలైన ఒక సందర్భం చెప్పండి' అన్నారు. నా దగ్గర బట్టీ పట్టిన జవాబు ఉంది, ప్రాజెక్టు గురించి, అందరూ చెప్పేలాంటిది. ఆ క్షణంలో ఎందుకో అది నోటికి రాలేదు. పాస్తా కథ చెప్పేశాను, పోస్టర్ల మైదాతో సహా. హెచ్ఆర్ మేడమ్ నవ్వారు. పక్కనున్న టెక్నికల్ మేనేజర్ నవ్వలేదు. ఆయన ఒకటే అడిగారు: "రెండోసారి ఏమేం మార్చారు?"

గర్వంగా చెప్పాను. మైదాను వెన్నలో వేయించా, పాలు చల్లగా పోశా, మందపాటి గిన్నె వాడా, టమాటా తీసేశా.

"నాలుగూ ఒకేసారి మార్చారు. మరి ఉండలు కట్టకపోవడానికి కారణం ఏది?"

జవాబు లేదు. నాకు నిజంగా తెలీదు. తెలీదనే చెప్పాను. ఆ ఉద్యోగం రాలేదు. వాళ్లు ఎందుకు తీసుకోలేదో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

కానీ ఆ ప్రశ్న మాత్రం బస్సులో హాలియా దాకా నాతోనే వచ్చింది. వారం తర్వాత ఒక్కొక్క కప్పు పాలతో పరీక్ష పెట్టాను. వెన్నలో వేయించిన మైదాకు చల్లటి పాలు ఒకసారి, వేడి పాలు ఇంకోసారి, రెండూ కొద్దికొద్దిగా పోశా. రెండూ నున్నగానే వచ్చాయి. పలచటి గిన్నెలో చేశా, అడుగు కాస్త అంటింది గానీ ఉండలు లేవు. వెన్న లేకుండా మైదాను చల్లటి పాలల్లో కలిపి కాచా. ఉండలు కట్టలేదు గానీ పచ్చి వాసన ఉంది, ఎక్కువసేపు మరిగించాల్సొచ్చింది. మళ్లీ మరిగే పాలల్లో పొడి మైదా వేశా, వెంటనే గోలీలు. అంటే నేను నమ్మినట్టు చల్లటి పాలదీ కాదు, గిన్నెదీ కాదు. పొడి పిండి నేరుగా వేడి తడిలో పడటమే అసలు తప్పు. అమ్మ మొదటి రాత్రే చెప్పింది అదే.

ఇప్పుడు ఆఫీసులో కోడ్‌లో తప్పు వెతికేటప్పుడు ఒకసారికి ఒక్కటే మారుస్తా. దాన్ని నేర్పింది ఏ కోర్సో అని జూనియర్లు అడిగితే పాస్తా అని చెప్తే నమ్మరు. ఆ ఎనిమిది నెలల చివర వేరే కంపెనీలో, మొదటి ఆఫర్ కంటే తక్కువ జీతానికి చేరాను. ఆ మొదటి కంపెనీ నుంచి 'త్వరలో' తర్వాతి మెయిల్ రానేలేదు.

మీరు ఈ రాత్రికి చేస్తే, మిగిలింది చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి, పాలవంటకం కాబట్టి బయట వదిలేయొద్దు. పొద్దున గట్టి ముద్దలా కనిపిస్తుంది. నాలుగు స్పూన్ల పాలు పోసి చిన్న మంట మీద కలిపితే మళ్లీ సాస్ అవుతుంది. మా అమ్మ కట్టు తీసేశాక చేసిన పద్ధతి ఇంకోటి ఉంది: కొంచెం నూనెలో కరివేపాకు, పచ్చిమిర్చి వేయించి, ఆ మిగిలిన పాస్తాను అందులో వేసి అటూ ఇటూ తిప్పడం. అదేం వంటకమని అడిగితే, "సేమియా ఉప్మా అన్నయ్య" అన్నది. నాన్న ఇప్పటికీ దాన్నే అడుగుతారు, పక్కన మామిడికాయ తొక్కుతో.